బొమ్మ రేసు కారుకు రంగు వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో రేసు కార్ల బొమ్మలను విడిభాగాలు అతికించి తయారుచేసుకోవడం గురించి రాశారు. చాలా సంతోషం. 2024 ఆగస్టు చివర్లో మన చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ మైదానం చుట్టూ రాత్రిపూట ఫార్ములా 4 రేసు జరిగినప్పటి నుంచి మా వీధి పిల్లలకు ఈ ఇష్టం బాగా పెరిగింది. కానీ రంగు దగ్గరికొచ్చేసరికి ‘స్ప్రే చేసి ఆరనివ్వాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు పనీ, ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి. విల్లివాక్కంలో కార్లకు రంగులు వేసే షెడ్డు నడుపుతున్నాను, ఇంట్లో మనవడితో కూర్చుని 1/20 సైజు, అంటే నిజం కారులో ఇరవయ్యో వంతుండే ఫార్ములా వన్ బొమ్మలూ చేస్తాను కాబట్టి రాస్తున్నాను.

మావాడికి మన దేశపు ఫార్ములా వన్ డ్రైవరు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుకు నడిపిన కారు పసుపంటే ప్రాణం. పసుపు రంగు కింద ఏముంటే దాన్ని పైకి చూపిస్తుంది. బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద వేస్తే ఆకుపచ్చ ఛాయ తిరిగి మురికిగా ఉంటుంది. రంగు తేలడం లేదని పిల్లలు పూత మీద పూత కొడతారు. నిజం కారు మీద ప్రైమరు, రంగు, క్లియరు (పైన మెరుపు కోసం వేసే రంగులేని పూత) అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అదే మందం 1/20 బొమ్మ మీద పడితే పెద్ద కారుకు 2 మిల్లీమీటర్ల పూత పట్టించినట్టు లెక్క. బాడీ మీద సన్నని గీతలన్నీ పూడిపోతాయి. దీనికి మందు తెల్ల ప్రైమరే. అది ఆరాక 1000 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లలో తడిపి వాడే నున్నటి గరుకు కాగితం) తడిపి మెల్లగా రుద్ది, ఆపైన పసుపు పలచగా వేసుకుంటూ పోవాలి. మొదటి పూతలో కింది తెలుపు కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

రంగు పలచన చేయడానికి హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నరు ఈ బొమ్మలకు వాడకండి. ఇనుప రేకుకు పరవాలేదు గానీ ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

ఇక మన చెన్నై గాలి. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల్లో (అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా) ముసురు పట్టినప్పుడు లాకర్ రంగు (థిన్నరుతో కలిపి వేసే, త్వరగా ఆరే రంగు) కొడితే తెల్లగా మసకబారిపోతుంది. లాకరు గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. మా షెడ్డులో ఆ రోజుల్లో ఎండ వచ్చేదాకా స్ప్రే గన్ను ముట్టం. తప్పనిసరైతే, రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ థిన్నరు కలుపుతాం. చిన్నపిల్లలకైతే నీళ్లతో పలచన చేసే అక్రిలిక్ రంగులే మేలు.

పేర్లు, నంబర్ల స్టిక్కర్లను నీళ్లలో నానబెట్టి అతికిస్తారు కదా, వాటి మీద క్లియరు ఒకేసారి తడిగా కొడితే ముడతలు పడిపోతాయి. స్టిక్కరు కింద నీరంతా ఆరేదాకా ఆగి, ముందు దూరం నుంచి మంచు పడ్డంత పలచగా ఒకటి రెండు సార్లు వేసి, అవి ఆరాకే తడిపూత వేయాలి.

అన్నిటికంటే ముఖ్యం పిల్లల ఊపిరి. ఏసీ గదిలో తలుపులు మూసుకుని స్ప్రే చేస్తున్న పిల్లలను చూశాను, ముఖానికి గుడ్డ మాస్కు. ఆ గుడ్డ థిన్నరు ఆవిరిని ఆపదు. బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి, పని డాబా మీదే జరగాలి. డబ్బాలోని గ్యాసుకు నిప్పంటుకుంటుంది. వంటింట్లో పొయ్యి, దేవుడి దగ్గర దీపం వెలుగుతుండగా హాల్లో స్ప్రే చేయనివ్వకండని తల్లిదండ్రులను చేతులెత్తి వేడుకుంటున్నాను.

వానలు మొదలయ్యేలోపు ఈ జాగ్రత్తలను అదే పిల్లల పేజీలో, పెద్ద అక్షరాలతో వేయండి.

— పెయింటింగ్ షెడ్డు మేస్త్రి, విల్లివాక్కం, చెన్నై