థమ్సప్ పట్టుకుని కూర్చున్నా

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం ఉప్పల్‌లో మా బామ్మర్ది కొడుకు పుట్టువెంట్రుకల దావత్. నేను మందు మానేసి ఏడేళ్లయిందని అందరికీ తెలుసు, అయినా మటన్ ముక్కల ప్లేటు కంటే ముందు గ్లాసే వచ్చింది. 'ఏంది బావా, మాతో కూసోవా?' అన్నాడు. చివరికి థమ్సప్ పోయించుకుని పట్టుకుంటే గానీ (రంగు కలిసొచ్చింది లెండి) వదల్లేదు.

తాగుడు గురించి మీ పేపర్లో ఎప్పుడు రాసినా తాగేవాడి బలహీనత అనే రాస్తారు, వాడి చేతిలో గ్లాసు పెట్టిన పదిమంది సంగతి ఎవరూ ఎత్తరు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 12 వేల మందిని 1971 నుంచి మూడు దశాబ్దాల పాటు గమనించిన లెక్కలు 2010లో అచ్చయ్యాయి: మనకు దగ్గరివాళ్లు బాగా తాగేవాళ్లయితే మనమూ అలా తాగే అవకాశం 50 శాతం ఎక్కువట, స్నేహితుడి స్నేహితుడి ప్రభావం కూడా కనిపించిందట. నార్వే పరిశోధకుడు స్కోగ్ 1985లోనే అన్నాడు, ఊరి సగటు పెరిగితే కొద్దిగా తాగేవాడి నుంచి పీకల్దాకా తాగేవాడి వరకు అందరూ కలిసే పైకి జరుగుతారని.

మన తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తంమీద 19 శాతమే!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది కూడా ఒక్కొక్కరుగా కాదు, గుంపుగానే.

వచ్చే నెల ఇంకో దావత్ ఉంది, ఈసారి మజ్జిగ అడుగుతా.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్