మంత్రి గారూ, ప్యాకేజీ కాగితం మీద పడుకునే ఎత్తు రాయించండి

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హిమాలయాల టూర్ ప్యాకేజీ కాగితాల మీద ఏ రాత్రి ఎంత ఎత్తున్న ఊళ్ళో పడుకుంటారో రాయించమని మీకు ఇది నా మూడో ఉత్తరం. మొదటి రెండూ సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చాను, రసీదులు ఉన్నాయి, రెండోదానికి నెల తిరక్కుండానే "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అడుగుదామని వెళ్తే ఆ సీట్లో మనిషి లేరు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది, తప్పుగా అనుకోకండి.

పోయిన జూన్‌లో మా అమ్మా నాన్నా ఇక్కడి ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో లడఖ్ వెళ్ళారు. నాన్నకి 64, షుగర్ లేదు, బీపీ లేదు, రోజూ బీచ్ రోడ్డులో ఐదు కిలోమీటర్లు నడుస్తారు. రాత్రి వైజాగ్‌లో ఫ్లైట్ ఎక్కి, పొద్దున్నే ఢిల్లీ నుంచి లేహ్‌లో దిగారు. అంటే ఒక్క రాత్రిలో సముద్రం ఒడ్డు నుంచి 11,500 అడుగులకి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మనకి ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండొంతులే. దిగాక 48 గంటలు కదలకుండా రెస్ట్ తీసుకోమని అక్కడి అధికారులే చెప్తారు కదా, మావాళ్ళకి మాత్రం ఆ మధ్యాహ్నమే శాంతి స్తూపం, మర్నాడు ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ, మూడో రోజు పాంగాంగ్ సరస్సు.

నుబ్రాలోనే నాన్నకి తలపోటు, వికారం, అన్నం ముట్టలేదు, రాత్రంతా నిద్ర లేదు. టూర్ మేనేజర్ "ప్రయాణం బడలిక సార్, అందరికీ ఉండేదే" అని నిద్రమాత్ర ఇచ్చాడు. ఎత్తులో ఊపిరి సరిగ్గా అందనివాళ్ళకి నిద్రమాత్ర ఇస్తే ఊపిరి ఇంకా మందగిస్తుందని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, ఆ స్థితిలో ఇంకా పైకి తీసుకెళ్ళకూడదనీ చెప్పలేదు. తీసుకెళ్ళాడు. పాంగాంగ్ 14,000 అడుగుల పైమాటే. ఆ రాత్రి పడుకుంటే గాలి ఆడట్లేదని నాన్న మంచం మీద కూర్చునే ఉన్నారంట, దగ్గితే నురగ, గోళ్ళు నేరేడుపండు రంగు, అమ్మ ఆయన వీపు మీద చెవి ఆనిస్తే లోపల చారు కాగుతున్నట్టు గురగుర. నాకు ఫోన్ చేద్దామంటే బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచెయ్యవు, ఆ ముక్క కూడా ఎవరూ ముందు చెప్పలేదు.

కాపాడింది అక్కడి డ్రైవర్ అబ్బాయి. తన బండిలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ పెట్టి అర్ధరాత్రే లేహ్‌కి బయల్దేరాడు. ఇక్కడొకటి చూడండి మంత్రి గారూ, అక్కణ్ణుంచి లేహ్‌కి దిగాలంటే ముందు ఎక్కాలి, చాంగ్ లా కనుమ దాటాలి, అది 17,500 అడుగులు దాటి ఉంటుంది. ఊపిరాడని మనిషిని ఇంకా పైకి తీసుకెళ్తుంటే మా అమ్మ దారంతా ఆయన నోటి దగ్గర అరచెయ్యి పెట్టి ఊపిరి వస్తోందా లేదా అని చూసుకుంటూ కూర్చుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఇంకో రాత్రి అక్కడే ఉండుంటే దక్కేవారు కాదని లేహ్‌లో డాక్టర్ చెప్పారు. ఆరు రోజులు హాస్పిటల్లో ఉన్నారు.

తిరిగొచ్చాక ట్రావెల్స్ వాళ్ళు "వయసు సార్, మేం ఏం చేస్తాం" అన్నారు. వయసు కాదు. ఈ ఎత్తు జబ్బు పాతికేళ్ళ కుర్రాళ్ళకీ, రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళకీ వస్తుంది, ఎంత వేగంగా ఎక్కారన్నదే ముఖ్యం. సాధారణంగా 8,000 అడుగులు దాటాకే మొదలవుతుంది, మనకి ఎత్తంటే సింహాచలం మెట్లు, అరకు ఘాట్ రోడ్డు, పాడేరు వైపు అర్మకొండ కూడా ఐదున్నర వేల అడుగులే. మన దగ్గర ఎవరికీ అనుభవంలో లేని జబ్బు ఇది. తర్వాత మా పిన్ని కేదార్‌నాథ్ వెళ్తుంటే ఎత్తు జబ్బు రాకుండా డాక్టర్ డయామాక్స్ మాత్ర రాశారు, మందుల షాపులో "ఇది కంటి ప్రెజర్‌కి కదా అమ్మా" అని వెనక్కి ఇవ్వబోయాడు. కేదార్‌నాథ్ కూడా 11,700 అడుగుల పైనే, హెలికాప్టర్లో వెళ్తే నిమిషాల్లో దింపేస్తారు.

నేను నష్టపరిహారం అడగట్లేదు. ఆ ప్యాకేజీ కాగితం నా దగ్గర ఇంకా ఉంది, "ఆంధ్రా భోజనం గ్యారంటీ" అని పెద్దక్షరాలు, హోటల్ స్టార్లు, చివరికి ఏ రోజు ఏ టిఫినో కూడా ఉంది, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో మాత్రం లేదు. పగలు ఎక్కి దిగేదాని కంటే రాత్రి పడుకునే ఎత్తే ముఖ్యమండీ. 10,000 అడుగులు దాటాక రాత్రికి 1,600 అడుగులకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకరోజు ఆగాలి. ఆ పడుకునే ఎత్తు ప్రతి రాత్రి ఎదురుగా తెలుగులో రాయించండి, లేహ్‌లో రెండు రోజుల రెస్ట్ లేని ప్యాకేజీ ఇక్కడ అమ్మనివ్వకండి, తలపోటు మొదలైతే పైకి వెళ్ళకూడదని, తగ్గకపోతే కిందికి దిగడమే మందని టూర్ మేనేజర్లకి నేర్పించండి, ప్రయాణానికి ముందే డాక్టర్ని అడిగి డయామాక్స్ అవసరమో కాదో తెలుసుకోమని చెప్పించండి. ఇందులో మీకు ఖర్చయ్యేది ఏముందండీ?

మా ఎంవీపీ కాలనీలో వచ్చే సీజన్ ఫ్లెక్సీ అప్పుడే కట్టేశారు, అదే పాంగాంగ్, అదే మూడో రోజు. నిన్న ఒక పెద్దాయన దాని ముందు ఆగి ఫోన్ నంబర్ రాసుకుంటుంటే నేను స్కూటీ ఆపి పావుగంట మాట్లాడాను. ఎంతమందిని అలా ఆపగలనండీ, దయచేసి బుకింగ్స్ మొదలయ్యేలోపు ఆ ఒక్క సర్క్యులర్ ఇప్పించండి.

ఇట్లు,
ఒక కూతురు,
విశాఖపట్నం