దోస్త్, సీపీగెట్: గడువుల మధ్య జారిపోతున్న సీట్లు

సంపాదకులకు,

తెలంగాణలో డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ నోటిఫికేషన్ వచ్చిన రోజు పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో వేస్తాయి. సీట్ల కేటాయింపు రోజు ఎంతమందికి సీట్లొచ్చాయో, ఏ కోర్సుకు గిరాకీ ఉందో పట్టికలతో సహా ఇస్తాయి. సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే వచ్చిన సీటును ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవడం, దాని ఆఖరి తేదీ మాత్రం జిల్లా పేజీలో ఏ మూలో రెండు లైన్లుగా కనిపిస్తుంది. పిల్లలు నష్టపోయేది అక్కడే. సహాయ కేంద్రాల్లో కూర్చునే మా దగ్గరికి చివరి విడతలో వచ్చేవాళ్లలో చాలామందికి మార్కులకు కొదవ ఉండదు. వచ్చిన సీటును ఖాయం చేసుకోక పోగొట్టుకున్నవాళ్లు, కావాల్సిన కాలేజీలు, కోర్సుల జాబితా (ఆప్షన్లు) సరిగా పెట్టుకోక అసలు సీటే రానివాళ్లు వాళ్లంతా. మీ పాఠకుల ఇళ్లలో ఈ ఏడాది ఇంటర్ అయినవాళ్లు, డిగ్రీ ముగించినవాళ్లు ఉంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం.

దోస్త్ 2016లో మొదలైంది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కాలేజీలకు ఒకే దరఖాస్తు సరిపోతుంది. కోర్టు ఉత్తర్వులతో బయట ఉన్న కొన్ని కాలేజీలు మాత్రం విడిగా చేర్చుకుంటాయి. రిజిస్ట్రేషన్‌కు మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. తెలంగాణ ఇంటర్ బోర్డు విద్యార్థులు రాష్ట్ర ప్రభుత్వ మొబైల్ యాప్ టీ యాప్ ఫోలియోలో హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ, ఆధార్ వివరాలిచ్చి సెల్ఫీ తీసుకుంటే ఇంటి నుంచే పని అవుతుంది. ఆధార్‌కు లింకైన ఫోన్ చేతిలో ఉంటే ఓటీపీతో చేసుకోవచ్చు. లేదంటే మీసేవ, సహాయ కేంద్రం ఉండనే ఉన్నాయి.

మొదటి చిక్కు ఫోన్ నంబరుతోనే వస్తుంది. ఊళ్లో నెట్ సెంటర్‌కు వెళ్తారు, లేదా ఫలానా ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికే వచ్చి "అన్నీ మేమే చూసుకుంటాం" అంటాడు. దరఖాస్తులో వాళ్ల నంబరు పడుతుంది. దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఆప్షన్ల జాబితాలో ఒకే కాలేజీ, ఒకటో రెండో కోర్సులు. విద్యార్థికి ఆ సంగతి సీటొచ్చాకే తెలుస్తుంది. ఆ తర్వాత ప్రతి అడుగుకూ ఓటీపీ కావాలి, అది వచ్చే ఫోనేమో వేరే వాళ్ల జేబులో ఉంటుంది. నంబరు మార్పించుకోవాలంటే ఆధార్, మెమోలు పట్టుకుని సహాయ కేంద్రానికి రావాలి. ఒకటి రెండు రోజులు అందులోనే పోతాయి. దరఖాస్తు ఎవరు నింపినా ఫర్వాలేదు, నంబరు మాత్రం ఇంట్లోవాళ్లదే అయి ఉండాలి. పిన్ కాగితం మీద రాసుకోవాలి. తల్లిదండ్రులు పట్టుబట్టాల్సింది ఈ రెండింటికే.

ఇక వెబ్ ఆప్షన్లు. మూడు కాలేజీలు పెట్టి ఊరుకునేవాళ్లు ఎక్కువ. ఆ మూడూ హైదరాబాద్‌లో పేరున్నవే, మూడింట్లోనూ బీకాం కంప్యూటర్ అప్లికేషన్సే. కటాఫ్ దాటకపోతే ఏ సీటూ రాదు, ఆ విడత అక్కడితో సరి. ఆప్షన్లకు పరిమితి లేదు, ఎన్ని పెట్టినా అదనపు ఫీజు లేదు. జాబితా తయారుచేసే పద్ధతి ఒకటుంది. ముందు నిజంగా కావాల్సినవి, అవి కాస్త అందనివైనా సరే. వాటి కింద మన మార్కులకు వచ్చే అవకాశం ఉన్నవి. అట్టడుగున, ఏదీ రాకపోతే చేరడానికి సిద్ధపడే సొంత జిల్లా ప్రభుత్వ కాలేజీ. వరుసే ప్రాధాన్యం. పై ఆప్షన్ దొరికితే కింది వాటిని కంప్యూటర్ చూడనే చూడదు. కాబట్టి "తేలిగ్గా వస్తుంది" అని ఏదో ఒక కాలేజీని మొదటి వరుసలో పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. పేరు దాదాపు ఒకటే అయినా బీకాం జనరల్, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఫీజులు వేరు. బీఎస్సీలో సబ్జెక్టుల కలయికలు వేరు, మీడియం వేరు. కోర్సు పక్కనే ఫీజు కనిపిస్తుంది, అది చూసి మరీ టిక్ పెట్టాలి. ఆఖరున సేవ్ చేశాక మళ్లీ లాగిన్ అయి జాబితా అలాగే ఉందో లేదో చూసుకోవాలి. సేవ్ నొక్కకుండా బ్రౌజర్ మూసేసి, ఆప్షన్లు పెట్టామనే అనుకునేవాళ్లు ప్రతి విడతలో ఉంటారు.

సీటు వచ్చిందని మెసేజ్ రాగానే ఇంట్లో పండగ చేసుకుంటారు. ఆ సీటు ఇంకా మన చేతికి రాలేదు. గడువులోగా లాగిన్ అయి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్ట్ చేయాలి. ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉన్నవాళ్లు డబ్బు కట్టనక్కరలేదు. మిగతావాళ్లు 500 లేదా 1000 రూపాయలు కట్టాలి. చేయకపోతే సీటు రద్దయి తర్వాతి విడత ఖాళీల్లో కలిసిపోతుంది. "ఎలాగూ రెండో విడతలో ఇంకా మంచిది వస్తుంది కదా" అని మొదటి సీటు వదిలేసేవాళ్లది శుద్ధ పొరపాటు లెక్క. మొదటి సీటు ఖాయం చేసుకుని కూడా రెండో విడతలో ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్తది రాకపోతే పాతది పదిలంగా ఉంటుంది. కొత్తది వస్తే మాత్రం పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. అందుకే రెండో విడత జాబితాలో చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగైనవే ఉండాలి. కాలేజీ నచ్చి కోర్సు మాత్రమే మార్చుకోవాలనుకుంటే చివర్లో కాలేజీ లోపలే మారే విడత ఒకటి ఉంటుంది, దానికోసం సీటు వదులుకోనవసరం లేదు.

సెల్ఫ్ రిపోర్టింగ్‌తోనూ కథ ముగియదు. విడతలన్నీ అయ్యాక ప్రకటించిన తేదీల్లో కాలేజీకి స్వయంగా వెళ్లి, ఫోన్‌కు వచ్చిన సీసీఓటీపీ (కాలేజీలో చేరికను ఖాయం చేసే ఓటీపీ) చెప్పి, సర్టిఫికెట్లు చూపించాలి. మే నెలలో సెల్ఫ్ రిపోర్ట్ చేశాం కదా అని తరగతులు మొదలయ్యే రోజున తీరిగ్గా వెళ్తే పేరు ఉండదు. సీసీఓటీపీ చేరదలచుకున్న కాలేజీకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. అది ఇచ్చామంటే చేరినట్లే లెక్క.

ఇన్ని అవకాశాలూ చేజారాక మిగిలేది స్పాట్, అంటే మిగిలిన సీట్లలో కాలేజీలోనే నేరుగా చేరడం. అందులో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఇది చాలామందికి మొదటి ఏడాది చివర్లో, కాలేజీ పూర్తి ఫీజు అడిగినప్పుడు గానీ తెలియదు. సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు ఒక్కరోజు దాటినందుకు ఒక పేద ఇంటి మీద మూడేళ్ల ఫీజు పడుతుందన్నమాట. మేం ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

సర్టిఫికెట్ల విషయం క్లుప్తంగా చెబుతాం. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. కుల ధ్రువీకరణ మీసేవ నంబరు ఉన్నదైతేనే ఆన్‌లైన్‌లో సరిచూసుకోగలరు. స్థానికత కోసం ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్‌లు, మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ఆ కాలానికి తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ కావాలి. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగులు, సైనికుల పిల్లల కోటాల వాళ్లకు విడిగా వెరిఫికేషన్ తేదీలుంటాయి. దరఖాస్తులో టిక్ పెట్టి ఆ తేదీన వెళ్లకపోతే కోటా లెక్కలోకి రాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉండడం మామూలే. పదో తరగతి మెమోనే ప్రమాణం, ఆధార్‌ను దానికి సరిపోయేలా ముందే మార్పించుకుంటే మంచిది. జూన్‌లో ఆధార్ కేంద్రాల ముందు ఎంత వరుస ఉంటుందో అందరికీ తెలిసిందే.

పీజీకి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల తరఫున ఉస్మానియా నిర్వహించే ఈ పరీక్షలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మార్కు కోత లేదు. అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. రెండు సబ్జెక్టులు రాయాలంటే రెండింటికీ ఫీజు కట్టాలి, ర్యాంకులూ రెండు వస్తాయి. ఎమ్మెస్సీకి డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి. మంచి ర్యాంకు వచ్చాక అర్హత లేదని వెరిఫికేషన్‌లో తేలడం కన్నా ముందే ప్రాస్పెక్టస్‌లో ఆ ఒక్క పేజీ చదువుకోవడం నయం. ఆప్షన్లలో ఒకే క్యాంపస్‌లో ఒకే కోర్సు రెగ్యులర్‌గానూ, సెల్ఫ్ ఫైనాన్స్‌గానూ రెండుసార్లు కనిపిస్తుంది. ఫీజులో తేడా చాలా ఉంటుంది, కోడ్ చూసి పెట్టుకోవాలి. ఒక పీజీకి రీయింబర్స్‌మెంట్ తీసుకున్నవాళ్లకు రెండో పీజీకి రాదు.

పీజీలో పెద్ద అడ్డంకి విద్యార్థి చేతిలో ఉండదు. ఆరో సెమిస్టర్ ఫలితాలు వెరిఫికేషన్ తేదీలోగా రావాలి. ఒక పేపరు మిగిలి ఇన్‌స్టంట్ పరీక్ష రాసినవాళ్ల ఫలితం ఇంకా ఆలస్యం. ఒక విశ్వవిద్యాలయం జూన్‌లో ఇస్తుంది, ఇంకొకటి ఆగస్టుకు ఈడుస్తుంది, కౌన్సెలింగ్ మాత్రం అందరికీ ఒకటే. దానికి తోడు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ప్రైవేటు డిగ్రీ కాలేజీలు టీసీ, మెమోలు ఆపుతాయి. ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి విద్యార్థిని తాకట్టు పెట్టుకోవడం ఇది. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌లో స్పష్టంగా చెప్పింది. అదే నోటిఫికేషన్‌లో ఫీజు వాపసు లెక్క కూడా ఉంది. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే మానుకుంటే మొత్తం ఫీజు (5 శాతం లేదా 5000 రూపాయలకు మించని ప్రాసెసింగ్ ఖర్చు మినహా), 15 రోజుల్లోపు అయితే 90 శాతం, ఆఖరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, 16వ రోజు నుంచి 30వ రోజు దాకా 50, అదీ దాటితే ఏమీ రాదు. మానుకుంటున్నామని నోటిమాటగా చెప్పి రావడం కాదు, తేదీ వేసిన దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. శాతం లెక్కకట్టేది ఆ తేదీ నుంచే.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల దారి వేరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయమైనా, అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమైనా జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ స్కోరు చూస్తాయి. స్కోరు రాగానే సీటు దానంతటది రాదు. కావాల్సిన ప్రతి విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి, ఫీజు కట్టాలి. సీయూఈటీ యూజీలో గరిష్ఠంగా 5 పేపర్లు ఎంచుకోవచ్చు, సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మనకు కావాల్సిన కోర్సు ఏ పేపర్ల స్కోరు అడుగుతుందో దరఖాస్తు రోజునే చూసుకోవాలి. ఫలితాలొచ్చాక చూస్తే చేసేదేమీ ఉండదు. మన బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు, అది ముందే చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. దోస్త్‌లో సీటు ఖాయం చేసుకుని సీయూఈటీ కోసం ఎదురుచూడటంలో తప్పు లేదు, పైన చెప్పిన వాపసు తేదీలు గుర్తుంటే చాలు.

ఉన్నత విద్యామండలి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సీటొచ్చినప్పుడు పంపే మెసేజ్ తెలుగులో ఉండాలి, అందులో సెల్ఫ్ రిపోర్టింగ్ ఆఖరి తేదీ, గంట కూడా ఉండాలి. గడువుకు ముందురోజు ఇంకొకటి పంపాలి. స్పాట్‌లో చేరేవాళ్ల చేత "రీయింబర్స్‌మెంట్ రాదని తెలుసు" అని తెలుగులో రాయించి సంతకం తీసుకున్నాకే ప్రవేశం ఖరారు చేయాలి. పీజీ కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించే ముందు అన్ని విశ్వవిద్యాలయాల ఆరో సెమిస్టర్ ఫలితాలు వచ్చాయో లేదో చూడాలి. టీసీ ఆగిపోయినవాళ్లను డిజిలాకర్ మెమోలతో తాత్కాలికంగా చేర్చుకుని, టీసీకి 60 రోజుల గడువివ్వాలి.

మీ పత్రికను కోరేది ఒక్కటే. ప్రవేశాల కాలంలో, మే నుంచి సెప్టెంబర్ దాకా, వాతావరణం వేసే చోటికి పక్కనే రోజూ నాలుగు లైన్లు కేటాయించండి: ఈ రోజు ఏ విడతకు ఆఖరు, రేపు దేనికి ఆఖరు.

ఇట్లు,
డిగ్రీ, పీజీ ప్రవేశాల సహాయ కేంద్రాల్లో పనిచేసే కొందరు అధ్యాపకులు,
నల్గొండ