12 నిమిషాల ఉపన్యాసం, 10 నిమిషాల మాట: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి నివేదికను పట్టికలు గీసి ఇస్తే ఎవరూ తిరగేయలేదని తెలిసింది, అందుకని ఈసారి జరిగింది జరిగినట్టు చెప్తాను. ఈ ఏడాది మనం పెట్టుకున్న పని ఒక్కటే, లైబ్రరీని సాయంత్రం పూట కూడా తెరిచి ఉంచాలని మూడు పార్టీల స్థానిక కమిటీల చేత తీర్మానం చేయించడం. సంఘంగా మనం ఏ పార్టీకీ చెందం కానీ మనలో మూడు పార్టీల వాళ్లూ ఉన్నారు కదా, ఎవరి పార్టీ మీటింగుకి వాళ్లు వెళ్లి తమవాళ్లను ఒప్పించాలని అనుకున్నాం.

మొదటి మీటింగులో మాట్లాడింది నేనే, చెడగొట్టిందీ నేనే. నాలుగు పేజీల నోటు పంచి, 12 నిమిషాలు మైకు వదల్లేదు. ముందు వరసలో ఒకాయన మన నోటును నాలుగు మడతలు పెట్టి విసురుకుంటూ కూర్చున్నాడు. అధ్యక్షుడు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, నాకు కనిపించింది కూడా, అయినా ఆపలేదు. చేతులెత్తమన్నప్పుడు మనవాళ్లు కాక ఇంకొక్క చెయ్యే లేచింది. ఆయనా ఏదో అడుగుదామని ఎత్తాడట, తర్వాత చెప్పాడు.

రెండో పార్టీలో మన ప్రతిపాదన చర్చకే రాలేదు. అజెండాలో చేర్చాలంటే ముందుగా రాసి ఇవ్వాలట, మనవాళ్లు నోటిమాటగా చెప్పి ఊరుకున్నారు. తప్పు మనదే.

ఆ తర్వాత మీలో చాలామంది వచ్చిన చదువు మీటింగు పెట్టాం. నన్ను అడిగితే ఈ ఏడాది పనికొచ్చిన రోజు అదే. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఆలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే రాజకీయ శాస్త్ర పరిశోధకులు చేసిన ప్రయోగం గురించి చదివాం. మనిషి ఇంటికొచ్చి అడిగితే ఓటు వేయడానికి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు, డబ్బిచ్చి చేయించిన ఫోన్లతో మాత్రం ఫలితం కనపడలేదు. అయితే ఓటు వేయించడం వేరు, మనసు మార్చడం వేరు. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే మరో ఇద్దరు పరిశోధకులు 2018లో 49 క్షేత్ర ప్రయోగాలను, అంటే నిజమైన ఓటర్ల మధ్యే చేసి చూసిన ప్రయోగాలను, కలిపి చూస్తే, సాధారణ ఎన్నికల్లో ప్రచారం ఎవరికి ఓటు వేయాలన్న నిర్ణయాన్ని సగటున దాదాపు ఏమీ కదపలేదని తేలింది. చాలా ముందుగా కలిసి మాట్లాడితే కాస్త మార్పు ఉంది కానీ పోలింగు నాటికి అదీ నిలవలేదు. ఇది చదవగానే ఒకరు లేచి, "అయితే మనకెందుకీ తిప్పలు, ఇళ్లకి పోదాం" అన్నారు.

అప్పుడే అమెరికాలోని మయామీ సంగతి తీశాం. కల్లా, బ్రూక్‌మన్‌లే 2016లో రాసింది, ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న వివక్ష గురించి గడప దగ్గర నిలబడి 10 నిమిషాలు మాట్లాడిన ప్రయోగం. ఉపన్యాసం ఏమీ లేదు, మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా వేరుగా చూశారా అని అడిగి, అవతలి మనిషి చెప్పేది వినడమే. మార్పు మూడు నెలల తర్వాత కూడా ఉంది. వీళ్ల మాట నాకు నమ్మాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. ఇలాంటి ఫలితమే చూపిస్తూ అంతకుముందు వేరేవాళ్లు రాసిన ఒక పరిశోధన పేపరును 2015లో వెనక్కి తీసుకున్నారు, దాని డేటాలో తేడా పట్టుకున్నవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఇక మూడో పార్టీ మీటింగు. ఈసారి నోటు లేదు, మైకు ఊసు లేదు. వారం ముందే మనవాళ్లు ఇద్దరు, ఆ కమిటీలో అందరూ పెద్దాయన అని పిలిచే పాత కార్యకర్త దగ్గరికి వెళ్లి, లైబ్రరీకి మీరెప్పుడైనా వెళ్లేవారా అని అడిగి ఊరుకున్నారు. ఆయన చెప్పుకుంటూ పోయాడు. పని దిగి వచ్చేసరికి తలుపు వేసేసేవాళ్లని, కిటికీలోంచి వేలు పెట్టి చూపిస్తే లోపలున్న కుర్రాడు పేపరు హెడ్డింగులు చదివి వినిపించేవాడని. మీటింగు రోజు తీర్మానం ప్రతిపాదించింది ఆయనే, మనవాళ్లు బలపరచి కూర్చున్నారు. "డిమాండ్ చేస్తున్నాం" అన్నచోట "కోరుతున్నాం" అని ఆయన మార్చాడు. తీర్మానం నెగ్గింది. ఆ ఒక్క మాటకే మన సంఘంలో రెండు మీటింగులు గొడవ జరిగింది, లొంగిపోయామని కొందరన్నారు. నాకైతే మార్చడం వల్లే అది ఆయనదైందని అనిపిస్తుంది. మాట మనదే ఉండాలని పట్టుబడితే చెయ్యెత్తేవాళ్లు కూడా మనవాళ్లే మిగిలేవాళ్లు. ఒప్పుకోనివాళ్లు సర్వసభ్య సమావేశంలో మాట్లాడండి, వింటాను. నేనూ 12 నిమిషాలు తీసుకోను.

గ్రూపులో ఫార్వర్డులు పెట్టే కమిటీ గురించి రాయడానికి ఏమీ లేదు, మీ ఫోన్లలోనే ఉంది. ఖర్చులో ఎక్కువ భాగం ఆ నాలుగు పేజీల నోటు అచ్చుకే పోయింది, మిగిలిన కట్టలు నా గదిలోనే ఉన్నాయి, వెనకవైపు ఖాళీ కాబట్టి పిల్లలకు కావాలంటే పట్టుకెళ్లండి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు.

రెండో పార్టీ వాళ్లకి ఈసారి రాసిచ్చి రసీదు తీసుకున్నాం. మొదటి పార్టీలో నోటుతో విసురుకున్న ఆయన్ని కలవాలి. నేను వెళ్తే మళ్లీ మొదలుపెడతానేమోనని భయం, అందుకని ఇద్దరు కావాలి, ఎక్కువ మాట్లాడనివాళ్లయితే మంచిది. పేర్లివ్వండి.

మీ కార్యదర్శి