వేప చెట్టు కొట్టించకురా రమణా

ఒరేయ్ రమణా,

నీ మెసేజ్ చూశాను, డ్రైనేజీ మాటిమాటికీ జామ్ అవుతోందని పెరట్లో వేప చెట్టు కొట్టించేయమన్నాడా ఆ ప్లంబర్, వద్దురా, ఆ పని మాత్రం చెయ్యకు. గట్టిగా ఉన్న పైపుని వేరు పొడుచుకుని లోపలికి రాదు. మీ నాన్నగారు వేయించినవి పాత సిమెంట్ పైపులు కదా, జాయింట్ల దగ్గర పూసిన సిమెంట్ ఇన్నేళ్ళకి నెర్రెలిచ్చి తడి బయటికి ఊరుతుంటుంది, ఎండాకాలం చుట్టూ మట్టి ఎండిపోయాక వేరు ఆ తడి ఉన్న వైపే పెరుగుతుంది. దూరేటప్పుడు దారప్పోగంత ఉంటుంది, లోపల నీళ్ళూ ఎరువూ రెండూ దొరికేసరికి కుచ్చులా అల్లుకుపోతుంది, దానికి వంటింటి జిడ్డూ జుట్టూ పట్టుకుంటే ఇంకేముంది, లైన్ మూసుకుపోతుంది. చెట్టు కొట్టేసినా పగిలిన జాయింట్ అలాగే ఉంటుంది కదా, రేపు పక్కింటి కానుగ వేరు వస్తుంది.

ముందు చాంబర్ మూతలన్నీ తీయించి చూడు, ఏది నిండి ఉందో, దాని తర్వాతది ఏది ఖాళీగా ఉందో, ఆ రెండింటి మధ్యే అడ్డం. రాడ్‌తోనో, నీళ్ళు ప్రెషర్‌తో కొట్టే జెట్టింగ్ మెషీన్‌తోనో క్లియర్ చేయించు, కానీ తెగిన వేరు మళ్ళీ చిగురిస్తుంది, కాబట్టి ఆ ముక్క వరకైనా 110 ఎంఎం పీవీసీ వేయించు. పీవీసీ 20 అడుగుల పొడవుది దొరుకుతుంది, చెట్టు దగ్గర జాయింటే రాకుండా ఒకటే పైపు పడేలా చూడు, వీలైతే లైన్‌ని చెట్టుకి దూరంగా తిప్పించు. మొదలు దగ్గర లావు వేర్లు మాత్రం నరకనివ్వకు, గాలివానకి చెట్టు ఇంటి మీదే పడుతుంది. వాటం కూడా దగ్గరుండి చూసుకో, నాలుగంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు దింపు ఉంటే బావుంటుంది.

వేర్లు చావడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొయ్యమని ఎవరైనా చెప్తే వినకు, సెప్టిక్ ట్యాంక్‌లో మురుగుని అరిగించే సూక్ష్మజీవులు పోతాయి. చాంబర్ గోడలో రావి మొక్క కనిపిస్తే వేలెడున్నప్పుడే పీకెయ్.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఎంత తొందరున్నా మ్యాన్‌హోల్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంక్‌లోకి గానీ మనిషిని దింపకు. లోపల గ్యాస్ పట్టిందంటే కేక వేసే టైం కూడా ఉండదు, కాపాడ్డానికి దిగినవాడూ పోతాడు, 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా అలా దింపించడం నేరం కూడా. ఒకరోజు ఆలస్యమైనా మెషీన్ వచ్చేదాకా ఆగు.

మూతలు తీయగానే ఫోటోలు పెట్టు, ఎక్కడ తవ్వాలో చూసి చెప్తాను, అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
సూరి