వార్షిక నివేదిక 2024–25: ఈసారి థియరీ గట్టెక్కింది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మన సంగీత సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఏటా మన పిల్లలది ఒకటే కథ. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు శ్రుతి తప్పకుండా పాడతారు. మొదటి పరీక్షలో థియరీ పేపరు చేతికి రాగానే టెన్షన్. రోజూ వేసే తాళానికే అంగాలు (అందులోని భాగాలు) రాయమంటే పెన్ను కదలదు. అందుకే ఈసారి ఆదివారం క్లాసులో సగం టైము థియరీకి ఇచ్చాం. ‘పాట మానేసి రాతలెందుకు’ అన్న పెద్దలు కూడా ఉన్నారు. వారు తర్వాత ఒక్క క్లాసుకైనా వచ్చి చూస్తే బాగుండేది.

మన టీచరమ్మ పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టారు. ఆది తాళమంటే చతురశ్ర జాతి (లఘువుకు 4 లెక్కలు) త్రిపుట: ఒక లఘువు, రెండు ద్రుతాలు. లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క. ద్రుతానికి దెబ్బ, విసురు. మొత్తం 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. లఘువును ఖండ జాతి చేసి 5కు పెంచితే అదే త్రిపుట 9 అక్షరాలవుతుంది. ఇంతవరకు చేతికి పట్టాక ఏడు తాళాలను ఐదు జాతులతో వేసుకుంటూ 35 తాళాల పట్టిక పిల్లలే తయారుచేసుకున్నారు. స్వరస్థానాలు హార్మోనియం మీద చూపించారు. 12 స్థానాలకు 16 పేర్లు ఎలా వచ్చాయో, చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు ఎలా అయ్యాయో చూశాక మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

జనవరిలో త్యాగరాజ ఆరాధన గురించి కాస్త గర్వంగానే చెప్పుకోవాలి. గోష్ఠి గానానికి ముందు మన రిటైర్డు లెక్కల సారు కటపయాది, అంటే రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల నుంచి దాని సంఖ్య రాబట్టే పద్ధతి చెప్పారు. మాయామాళవగౌళలో మా 5, యా 1. తిరగేస్తే 15, అదే మేళకర్త సంఖ్య, అంటే 72 జనక రాగాల వరుసలో దాని స్థానం. ధీరశంకరాభరణం 29, మేచకల్యాణి 65 అని పిల్లలు కూర్చున్నచోటు నుంచే అరిచారు. చక్రవాకం దగ్గర తిప్పర్తి నుంచి వచ్చే అమ్మాయి లేచి, ‘సార్, చ 6, క్రలో ర 2, అంటే 26 కదా, అది చారుకేశి కదా’ అంది. సభంతా చప్పట్లు! జంటాక్షరంలో రత్నాంగి రాగానికి రెండో హల్లు, చక్రవాకానికి మొదటి హల్లు తీసుకోవాలని, అందుకే అది 16 అని సారు విడమరిచారు. ఆ ప్రశ్న మనలో చాలామంది పెద్దలకు కూడా ఎప్పుడూ తట్టలేదు.

హాలు కోసం దరఖాస్తు పెట్టిన కార్యాలయంలో మన ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికే నెలలు పట్టింది. చివరికి గుడి మండపం ఇచ్చిన పూజారి గారికి, కుర్చీల కిరాయి తీసుకోని టెంట్‌హౌస్ వారికి, చాయ్ పంపిన హోటల్ యజమానికి, మైకు పెట్టిన తమ్ముడికి, హార్మోనియం బాగుచేయించిన ఉపాధ్యక్షులకు, ప్రసాదం వండిన అమ్మలకు పేరుపేరునా ధన్యవాదాలు. వాట్సాప్‌లో ‘తప్పకుండా వస్తాం అన్నా’ అని రాసినవారు కూడా వచ్చి ఉంటే జంపఖానాలు టీచరమ్మ మడతపెట్టాల్సి వచ్చేది కాదు.

పరీక్ష రాసినవాళ్లంతా థియరీలో పాసయ్యారు. ఇద్దరు చుట్టాల పెళ్లికి పోయి అసలు పరీక్షకే రాలేదు, వాళ్ల సంగతి వేరు.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. కాపీలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడాలనుకున్నవారు చూడొచ్చు. చందా బాకీలు ఎవరివో పేర్లు చదవడం లేదు.

వచ్చే ఏడాది కనగల్, తిప్పర్తి పిల్లలు చీకటి పడకముందే బస్సెక్కేలా క్లాసు గంట ముందుకు జరపాలని ప్రతిపాదన. సభ ఆమోదిస్తే, ఆ టైముకు తలుపు తాళం తీయడానికి ఒకరు కావాలి. పేరు ఇప్పుడే ఇవ్వండి, ఫోన్‌లో కాదు.

ఇట్లు,
కార్యదర్శి