ఆకాశవాణి ఫోన్-ఇన్‌లో ప్రజా విషయాలకూ చోటివ్వాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

నెల రోజుల క్రితం ఒక ఉదయం ఆకాశవాణిలో డాక్టరుగారి ఫోన్-ఇన్ కార్యక్రమానికి నాకు లైను దొరికింది. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి వాడుతున్న మాత్రల వల్ల మూత్రపిండాలకు ముప్పేమైనా ఉంటుందా అని అడిగాను. డాక్టరుగారు ఎంతో ఓపికగా వివరించి, ఏ పరీక్ష చేయించుకోవాలో చెప్పారు. ఆ సాయంత్రం మందుల దుకాణం దగ్గర ఇద్దరు నన్ను ఆపి, తామూ అవే మాత్రలు వాడుతున్నామనీ, రేడియోలో జవాబు విన్నాక పరీక్షకు వెళ్లాలని అనుకుంటున్నామనీ చెప్పారు. నా బాధ కొద్దీ నేను అడిగిన ప్రశ్న వాళ్లకూ పనికొచ్చింది. మోకాళ్ల నొప్పి గురించి ఇంత చక్కగా అడగనిచ్చే ఆకాశవాణి, పంట కాలువ గురించీ, కౌలు గుర్తింపు గురించీ, ప్రభుత్వం తెచ్చే ఒక కొత్త విధానం మంచిచెడ్డల గురించీ అదే ఫోనులో అడగనివ్వకూడదా అన్న ఆలోచన అప్పుడే కలిగింది. దానిని మీ పత్రిక ద్వారా ఆకాశవాణి అధికారుల దృష్టికీ, తోటి పాఠకుల దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను వింటున్నంతలో మన తెలుగు కేంద్రాల ఫోన్-ఇన్‌లు ఆరోగ్యం, సాగు, చదువులు, కోరిన పాటలు అనే హద్దు దాటడం అరుదు. వాటి విలువను నేను తగ్గించడం లేదు. పురుగు మందు ఎంత మోతాదులో కొట్టాలో తెలియక పంట పోగొట్టుకునే రైతుకు ఆ అరగంట ఎంత అవసరమో పల్లెలో ఉన్నవాడిగా నాకు తెలుసు. అయితే మందు మోతాదు అడిగిన రైతే ఆ మందు ధర గురించీ, గిట్టుబాటు ధర గురించీ, పంటల బీమా గురించీ అడగబోతే, అది కార్యక్రమం పరిధిలోకి రాదని సర్దిచెప్పి తర్వాతి కాలర్‌ను తీసుకోవడం నేను విన్నాను. రైతు జీవితంలో ఈ రెండు ప్రశ్నలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రేడియోలో మాత్రం మొదటిదానికే జవాబు దొరుకుతోంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. దీని మీద టీవీలో జరిగిన చర్చలు చాలా చూశాను. ఎక్కువ సార్లు కనిపించింది పార్టీల ప్రతినిధులే. ఒకరి మాట పూర్తి కాకముందే మరొకరు అందుకోవడంతో, చివరికి వినేవారికి మిగిలేది గొంతుల హోరే. ఇదే విషయం మీద ఒక గంట రేడియో ఫోన్-ఇన్ జరిగిందనుకోండి. బస్సు చార్జీ భారం తగ్గడం వల్ల ఇంట్లో వాళ్లు కాలేజీ మాన్పించలేదని ఒక అమ్మాయి చెబుతుంది. రోజువారీ సంపాదన పడిపోయి బండి మీద తీసుకున్న అప్పు వాయిదా కట్టలేకపోతున్నానని ఒక ఆటో డ్రైవర్ చెబుతాడు. కిక్కిరిసిన బస్సులో మనవరాలి వయసు పిల్లల మధ్య నిలబడలేకపోతున్నానని ఒక పెద్దాయన, నలభై మంది పట్టే బండిలో ఎనభై మందికి టికెట్లు కొట్టడం ఎంత కష్టమో ఒక కండక్టరు చెబుతారు. స్టూడియోలో కూర్చున్న ఆర్టీసీ అధికారి, టికెట్టు డబ్బును ప్రభుత్వం సంస్థకు ఎలా తిరిగి చెల్లిస్తోందో, బస్సుల సంఖ్య పెంచడంలో అడ్డంకులేమిటో వివరిస్తారు. “మీ రేడియో సౌండు తగ్గించి మాట్లాడండి” అని మెల్లగా చెప్పే వ్యాఖ్యాత ఉంటారు. వీరిలో ఎవరూ ఎవరినీ ఓడించనక్కర లేదు. ఆ గంట పూర్తయ్యేసరికి ఆ అమ్మాయి ఆటో డ్రైవర్ కష్టాన్నీ, ఆ డ్రైవర్ ఆ అమ్మాయి చదువునూ విని ఉంటారు. ఇలా ఒకరి మాట మరొకరు వినే చోటు మన దగ్గర నానాటికీ తగ్గిపోతోందని నా ఆవేదన.

సమస్యలు చెప్పుకోవడానికి సోమవారం సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటున్నారు కదా, తెలంగాణలో ప్రజావాణి ఉంది కదా అని కొందరు మిత్రులు అన్నారు. అవి ఉండవలసినవే. కాని అర్జీ ఒక మనిషికీ ఒక అధికారికీ మధ్య జరిగే వ్యవహారం. పక్క మండలంలో అదే సమస్యతో తిరుగుతున్నవాడికి దానికి వచ్చిన జవాబు తెలియదు. జవాబు రాకపోయినా ఆ సంగతి తెలిసేది అర్జీదారుకు మాత్రమే. అందరూ వింటుండగా అడిగిన ప్రశ్నకు ఆ ఇబ్బంది ఉండదు. ఈ పద్ధతి మనకు కొత్తదీ కాదు. 1990ల చివర ఉమ్మడి రాష్ట్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ‘డయల్ యువర్ సీఎం’ పేరుతో జనం ఫోన్లకు జవాబులిచ్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం ‘డయల్ యువర్ ఈవో’ను తన టీవీ చానల్లో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ వచ్చింది, గదుల దగ్గర నుంచి లడ్డూల దాకా భక్తులు అడిగినవాటికి కార్యనిర్వహణాధికారి స్వయంగా బదులు చెప్పేవారు. ఒక దేవస్థానం చేయగలిగిన పనిని దేశ జనాభాలో 99 శాతానికి పైగా అందుతున్నానని చెప్పుకునే ప్రసార సంస్థ చేయలేదని నేను అనుకోను.

పైగా చట్టం ప్రకారం ఇది దాని విధి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి సంస్థకు సంబంధించిన 1990 నాటి చట్టం 1997లో అమలులోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఉన్న అన్ని విషయాలలో స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పక్షపాతంగా సమాచారం పొందే పౌరుల హక్కును కాపాడాలనీ, సంస్థ తనదంటూ ఏ అభిప్రాయాన్నీ ప్రచారం చేయకుండా భిన్నాభిప్రాయాలను సమతూకంతో అందించాలనీ ఆ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. అంతకు ముందే, 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల వివాదంలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఇక ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి వినిపించడం వరకే వాటికి వెసులుబాటు. స్థానిక సంస్థలు తమ ప్రాంతం కోసం నడిపే కమ్యూనిటీ రేడియోలకూ వార్తల విషయంలో ఇదే పరిస్థితి. అంటే రేడియో మీద వర్తమాన వ్యవహారాలు చర్చించగలిగినది ఆకాశవాణి ఒక్కటే. ఆ ఒక్కటీ మౌనంగా ఉంటే, చదవడం రాని మా ఊరి పెద్దమ్మలకూ, పొలం గట్టు మీద రేడియో పెట్టుకుని పని చేసుకునే కూలీలకూ ఆ తలుపు మూసుకుపోయినట్టే.

పల్లె జనం మైకు ముందు ఏం మాట్లాడతారులే అనే చిన్నచూపు ఎవరికైనా ఉంటే, వారు జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరు గ్రామాన్ని తలచుకోవాలి. అక్కడ 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే నడుపుతూ, విత్తనాల గురించీ, చిరుధాన్యాల గురించీ, తమ బతుకుల గురించీ తమ యాసలోనే కార్యక్రమాలు తయారు చేశారు. ఇంకా వెనక్కి వెళితే, 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి పుణె కేంద్రం దాదాపు 150 గ్రామాలలో శ్రోతల బృందాలను ఏర్పరచింది. వారానికి రెండుసార్లు ప్రసారమయ్యే కార్యక్రమాన్ని గ్రామస్థులు కూడి వినేవారు, విన్నదాని మీద చర్చించుకునేవారు, తమ సందేహాలను కేంద్రానికి రాసి పంపేవారు. తర్వాతి ప్రసారాలలో వాటికి జవాబులు వచ్చేవి. ఊరికి ఒక రేడియో ఉండటమే గొప్ప అయిన ఆ రోజుల్లో ఉత్తరాల ద్వారా సాధ్యమైన సంభాషణ, చేతిచేతికీ ఫోను ఉన్న ఈ రోజుల్లో సాధ్యం కాకపోవడానికి నాకు కారణం కనిపించదు. బ్రిటన్‌లో బీబీసీ 1948 నుంచి ‘ఎనీ క్వశ్చన్స్’ అనే చర్చను నడుపుతోంది. దానిని విన్న శ్రోతలు స్పందించే ‘ఎనీ ఆన్సర్స్’ మొదట ఉత్తరాలతో సాగి తర్వాత ఫోన్లకు మారింది.

అభ్యంతరాలు నాకు తెలియకపోలేదు. ఎవరో ఒకరు ప్రత్యక్ష ప్రసారంలో ఒక నాయకుణ్ణి తిట్టవచ్చు, ఒక కులాన్నో మతాన్నో దూషించవచ్చు; ఆ తర్వాత సంజాయిషీ చెప్పుకోవలసింది పాపం ఆ రోజు డ్యూటీలో ఉన్న ఉద్యోగి. ఈ భయం న్యాయమైనదే. అయితే కాలర్ మాటను కొన్ని సెకన్ల ఆలస్యంతో ప్రసారం చేసే ఏర్పాటు ప్రపంచమంతటా ఉన్నదే. లైనులోకి తీసుకునే ముందు పేరూ, ఊరూ, అడగబోయే విషయమూ తెలుసుకోవడం ఇప్పటి డాక్టరుగారి కార్యక్రమంలోనూ చేస్తున్నారు. ఎవరి పరువుకూ భంగం కలిగించకూడదనీ, రాజకీయ పార్టీల మీద పేరు పెట్టి దాడి చేయకూడదనీ చెప్పే ప్రసార నియమావళి ఆకాశవాణికి దశాబ్దాలుగా ఉంది. దానిని చర్చ మానుకోవడానికి కారణంగా చూడకుండా చర్చను సరైన దారిలో నడిపే సాధనంగా చూస్తే, వ్యాఖ్యాత పని తేలికవుతుంది: “అయ్యా, మనుషుల సంగతి వద్దు, ఆ పథకంలో మీకు కనిపించిన లోపం చెప్పండి” అంటే చాలు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో పిల్లలతో మాట్లాడించిన అనుభవంతో చెబుతున్నాను, నియమం ముందే చెప్పి అందరికీ ఒకే తీరున వర్తింపజేస్తే దాదాపు అందరూ దానిని పాటిస్తారు. ఎన్నికల నియమావళి అమలులో ఉన్న రోజుల్లో కార్యక్రమాన్ని ఓటు నమోదు, పోలింగ్ ఏర్పాట్ల వంటి విషయాలకు పరిమితం చేసుకోవచ్చు.

కాబట్టి విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నం, కడప కేంద్రాలలో వారానికి ఒక గంట, కూలిపనుల నుంచి జనం ఇళ్లకు చేరే రాత్రి వేళ, ఇటువంటి కార్యక్రమాన్ని ప్రారంభించాలని మనవి. విషయాన్ని రెండు మూడు రోజుల ముందే ప్రకటించాలి. సంబంధిత శాఖ అధికారితో పాటు, ఆ విషయం తెలిసి ప్రభుత్వంతో సంబంధం లేని మరొకరిని కూడా పిలవాలి. మగవారి ఫోన్ల తాకిడిలో ఆడవారికి లైను దొరకదు గనుక వారికి కొంత సమయం విడిగా ఉంచాలి. అధికారి అక్కడికక్కడ చెప్పలేకపోయిన ప్రశ్నకు తర్వాతి వారం కార్యక్రమం మొదట్లోనే జవాబు చదవాలి. పుణె ప్రయోగం నుంచి తప్పక తీసుకోవలసినది ఇదే. ఇప్పుడు ఆకాశవాణిని ఫోనులోని యాప్‌లో ఎక్కడి నుంచైనా వినవచ్చు కనుక, గల్ఫ్‌లో పని చేసుకునే నిజామాబాదు, కరీంనగర్ వాసులు సైతం తమ ఊరి చర్చను వినగలుగుతారు.

ఆ కార్యక్రమం మొదలైతే నేను అడగదలచిన ప్రశ్న ఇప్పటికే సిద్ధంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారుగా గుర్తింపు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. భూమి పోతుందేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టకపోతే, ఆ పొలాన్ని ఏళ్లుగా దున్నుతున్న రైతుకు బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందే దారి ఏది? దీనికి వ్యవసాయ శాఖ అధికారి చెప్పే జవాబుతో పాటు, సంతకానికి వెనుకాడే ఒక భూయజమాని మాటా, కార్డు లేని ఒక కౌలు రైతు మాటా వినాలని ఉంది.

ఇట్లు
విశ్రాంత ఉపాధ్యాయుడు,
రేపల్లె, బాపట్ల జిల్లా